సిస్టమ్ కాల్ అడ్డగింపు టెస్టులను రివ్యూ చేయడం ఎలా? అంచెలంచెలుగా ఒక మార్గదర్శి

ఒంగోలులో మేము నలుగురైదుగురం వారాంతాల్లో కూర్చుని లినక్స్ కెర్నల్ ప్యాచ్‌లు చదువుతుంటాం. నెల్లూరు, కావలి నుంచి ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా వస్తుంటారు. కోడ్ రాయడం వాళ్లు ఎక్కడో ఒకచోట నేర్చుకుంటున్నారు. వేరొకరు రాసిన టెస్టును ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదట. సిస్టమ్ కాల్‌ను (ప్రోగ్రాం కెర్నల్‌ను పని అడిగే పిలుపును) మధ్యలో పట్టుకునే కోడ్‌కు రాసిన టెస్టులు ముందు పెడితే, “అన్నా, పాస్ అవుతోంది కదా, ఇంకా ఏమి చూడాలి?” అని ప్రతిసారీ అడుగుతారు. చూడాల్సినది చాలా ఉంది. వరుసగా రాస్తున్నాను.

సీ భాష, గిట్ తెలిసి ఉండాలి. కెర్నల్‌ను ఒక్కసారైనా సొంతంగా బిల్డ్ చేసి ఉండాలి. ఉదాహరణలు ఎక్కువగా ఎక్స్86-64 మీదివి. ఆర్మ్64లో తేడా ఉన్నచోట ఆ మాట చెబుతాను.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ముందు యంత్రం సంగతి. రోజువారీ పనిచేసుకునే ల్యాప్‌టాప్ కెర్నల్ మీద ఈ టెస్టులు నడపకండి. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకోండి. విర్ట్‌మీ-ఎన్‌జీ అనే పనిముట్టు ఉంటే, మీరు బిల్డ్ చేసిన కెర్నల్‌ను డిస్క్ ఇమేజ్ గొడవ లేకుండానే బూట్ చేసుకోవచ్చు.

డాకర్ కంటెయినర్ చాలదా అని అడుగుతారు. చాలదు. కంటెయినర్‌లో నడిచేది మీ ల్యాప్‌టాప్ కెర్నలే. పైగా డాకర్ తనంతట తానే ఒక సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ను వడగట్టే కెర్నల్ సదుపాయం) ఫిల్టర్‌ను తొడుగుతుంది. కాల్‌ను ఆపింది ప్యాచ్‌లోని ఫిల్టరా, డాకర్ ఫిల్టరా అన్నది తేలదు.

కూర్చునే ముందు సరిచూసుకోండి:

- ప్యాచ్ ఏ కమిట్ మీద తయారైందో సరిగ్గా ఆ కమిట్ నుంచే కెర్నల్ బిల్డ్ చేశారా?
- టెస్టు ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే ఫైలు ఉంటే, అందులోని ఆప్షన్లన్నీ మీ కెర్నల్‌లో ఆన్ అయ్యాయా?
- కేసాన్ (మెమరీ తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాకుల తప్పులు పట్టేది) ఆన్ చేసిన రెండో కెర్నల్ సిద్ధంగా ఉందా?
- మెషీన్‌లో రూట్ కాక మరో సాధారణ వినియోగదారు ఖాతా ఉందా?
- కన్సోల్ మీద వచ్చేదంతా ఒక ఫైలులోకి వెళ్తోందా?
- యామా అనే కెర్నల్ భద్రతా మాడ్యూల్‌లోని పీట్రేస్ స్కోప్ (ఏ ప్రాసెస్ దేనికి అతుక్కోవచ్చో చెప్పే సెట్టింగ్) విలువ ఎంతో రాసుకున్నారా? అది 1 అయితే, తన పిల్ల ప్రాసెస్ కాని దానికి అతుక్కోవాలని చూసే టెస్టు సాధారణ వినియోగదారుకు ఫెయిల్ అవుతుంది.
- ఎస్ట్రేస్ (ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే పనిముట్టు) ఇన్‌స్టాల్ అయిందా?

కన్సోల్ ఫైలును చిన్న విషయం అనుకోకండి. టెస్టు పాస్ అని చెప్పి, అదే సమయంలో కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక విడిచిపెట్టిన సందర్భాలు చూశాను. తెర మీద పాస్ అన్న అక్షరాలు కనబడగానే ఎవరూ లాగ్ వైపు చూడరు.

## 2. కాల్‌ను ఏ దారిలో పట్టుకుంటున్నారో తేల్చుకోండి

లినక్స్‌లో సిస్టమ్ కాల్‌ను పట్టుకునే దారులు చాలానే ఉన్నాయి. టెస్టు ఏ దారిదో తేలకుండా ఒక్క లైను కూడా చదవకండి.

- పీట్రేస్: ఒక ప్రాసెస్ మరో ప్రాసెస్‌ను కాల్ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఆపుతుంది. డీబగ్గర్లు, ఎస్ట్రేస్ దీని మీదే నడుస్తాయి.
- సెక్‌కాంప్ ఫిల్టర్: కెర్నల్ లోపల నడిచే చిన్న బీపీఎఫ్ ప్రోగ్రాం కాల్ నంబరును, ఆర్గ్యుమెంట్లను చూసి వదలాలా, ఎర్రర్ ఇవ్వాలా, సిగ్నల్ పంపాలా, చంపాలా అని తేలుస్తుంది.
- సెక్‌కాంప్ యూజర్ నోటిఫికేషన్: 5.0 వెర్షన్ నుంచి ఉంది. నిర్ణయాన్ని మరో ప్రాసెస్‌కు అప్పగిస్తుంది.
- సిస్‌కాల్ యూజర్ డిస్పాచ్: 5.11 నుంచి ఉంది. వైన్ లాంటి ప్రోగ్రాముల కోసం వచ్చింది. ఒక బైట్ విలువను బట్టి కాల్‌ను సిగ్‌సిస్ సిగ్నల్‌గా మార్చి అదే ప్రాసెస్‌కు తిప్పి పంపుతుంది. ఇది భద్రత కోసం చేసినది కాదు. భద్రత పేరుతో టెస్టు రాసి ఉంటే మొదటి అభ్యంతరం అక్కడే పెట్టండి.
- కాల్ పట్టికను మార్చే మాడ్యూళ్లు: పాత పాఠాల్లో ఇదే కనిపిస్తుంది. ఎక్స్86లో 6.9 నుంచి కాల్‌ను అందించే దారి ఆ పట్టిక గుండా పోవడం లేదు. పట్టికలో చిరునామా మార్చినా ఏమీ జరగదు. ఇలాంటి టెస్టు వస్తే ఎక్కువసేపు కూర్చోవద్దు, దారి మార్చుకోమని చెప్పి పంపేయండి.

రెండు దారులు ఒకేసారి ఉన్న టెస్టు అయితే వరుస తెలియాలి. ఎక్స్86లో లోపలికి వచ్చిన కాల్‌ను ముందు యూజర్ డిస్పాచ్ చూస్తుంది, తర్వాత పీట్రేస్, ఆ తర్వాత సెక్‌కాంప్, చివరికి ట్రేస్‌పాయింట్లు (కెర్నల్‌లో జరిగేది నమోదు చేసే చోట్లు). 4.8 కంటే ముందు సెక్‌కాంప్ తర్వాత పీట్రేస్ వచ్చేది. ఫిల్టర్ సరేనన్న కాల్ నంబరును ట్రేసర్ (పీట్రేస్‌తో ఆపే ప్రాసెస్) తర్వాత మార్చేసే వీలుండేది. కాబట్టి ట్రేసర్ కాల్ నంబరును మార్చాక కూడా ఫిల్టర్ ఆ కొత్త నంబరును పట్టుకుంటోందా అని చూసే టెస్టు ఉండాలి. లేకపోతే అడగండి.

## 3. టెస్టును చివరి నుంచి పైకి చదవండి

మొదటి లైను నుంచి చదివితే రాసినవారి ఆలోచనే మీకూ పట్టుకుంటుంది. ముందు అసర్ట్ లైన్లు మాత్రమే చదవండి. చదివి, “ఈ టెస్టు ఫలానా సంగతిని రుజువు చేస్తానంటోంది” అని కాగితం మీద ఒకే వాక్యం రాయండి. వాక్యం కుదరకపోతే టెస్టులోనే గందరగోళం ఉంది.

తర్వాత ఈ నాలుగూ చూడండి.

కేసెల్ఫ్‌టెస్ట్ (కెర్నల్‌తో పాటే వచ్చే టెస్టుల) చట్రంలో అసర్ట్ ఫెయిల్ అయితే ఆ టెస్టు అక్కడే ఆగిపోతుంది. ఎక్స్‌పెక్ట్ ఫెయిల్ అయితే నమోదు చేసి ముందుకు పోతుంది. ఫిల్టర్‌ను పెట్టే లైనుకు ఎక్స్‌పెక్ట్ వాడితే, ఫిల్టర్ లేకుండానే మిగతాదంతా నడిచి పనికిరాని ఫిర్యాదులు పది వస్తాయి. ఏర్పాటు లైన్లకు అసర్ట్, పరిశీలన లైన్లకు ఎక్స్‌పెక్ట్ ఉండటం మేలు.

పోలికలో మొదట రావాల్సినది ఆశించిన విలువ, రెండోది కనిపించిన విలువ. తారుమారు చేస్తే టెస్టు పాస్‌కు నష్టం లేదు. ఫెయిల్ అయిన రోజు సందేశం తలకిందులుగా వచ్చి ఒక పూట వృథా అవుతుంది.

టెస్టు లోపల మళ్లీ ఫోర్క్ చేసి, అసర్ట్‌ను చైల్డ్‌లో పెట్టారా? అది ఫెయిల్ అయితే చచ్చేది చైల్డ్ ఒక్కటే. పేరెంట్ వెయిట్‌పిడ్ చేసి, వచ్చిన స్థితిని నిజంగా పరిశీలిస్తోందా చూడండి. వెయిట్‌పిడ్ పిలిచి స్థితిని పక్కన పారేసిన టెస్టులు ఎన్ని చూశానో లెక్క లేదు.

నాలుగోది నాకు బాగా ఇష్టమైన ఉచ్చు. ఫిల్టర్ రైట్ కాల్‌నే ఆపుతోందనుకోండి. అప్పుడు ఫెయిల్ సందేశం తెర మీదికి రావాలన్నా అదే రైట్ కాల్ కావాలి. టెస్టు ఫెయిల్ అవుతుంది, కారణం మాత్రం కనబడదు. ఇలాంటిచోట ఫిల్టర్ పెట్టిన చైల్డ్ నుంచి నిష్క్రమణ కోడ్ ద్వారా ఫలితం పంపి, సందేశం రాసే పని పేరెంట్‌కు వదిలేయమని సూచించండి.

## 4. కాల్ నిజంగా కెర్నల్ దాకా వెళ్తోందా?

ఒంగోలు నుంచి నెల్లూరు వైపు పోయే బండ్లను లెక్కపెట్టాలని టంగుటూరు టోల్‌ప్లాజా దగ్గర నిలబడితే, ఊళ్ల మీదుగా సందు దారిన పోయిన బండి మీ లెక్కలోకి రాదు. లెక్క తప్పిందని టోల్‌ప్లాజాను అంటే ఏమి లాభం? ఈ టెస్టుల్లో సగం చిక్కులు అలాంటివే.

వీడీఎస్‌ఓ దారి. సమయం అడిగే గెట్‌టైమ్‌ఆఫ్‌డే, క్లాక్‌గెట్‌టైమ్ సాధారణంగా కెర్నల్‌లోకి వెళ్లవు. కెర్నల్ ప్రతి ప్రాసెస్‌కు అంటించే చిన్న లైబ్రరీలోనే జవాబు దొరుకుతుంది. వాటిని ఫిల్టర్‌తో ఆపామని చెప్పే టెస్టు ఒక యంత్రంలో పాస్ అయి మరో యంత్రంలో ఫెయిల్ అవుతుంది. క్లాక్ సోర్స్ మారితే దారీ మారుతుంది కదా.

సీ లైబ్రరీ పేరు ఒకటి, కాల్ మరొకటి. మీరు ఓపెన్ అని రాస్తారు, జీలిబ్‌సీ 2.26 నుంచి కెర్నల్‌కు వెళ్లేది ఓపెన్‌యాట్. ఫోర్క్ అని రాస్తారు, వెళ్లేది క్లోన్. ఆర్మ్64లో అయితే ఓపెన్, ఫోర్క్, డూప్2 అనే కాల్స్ కెర్నల్‌లో లేనే లేవు. “ఓపెన్‌ను ఆపాం, ఫైలు తెరుచుకుంది, కెర్నల్‌లో బగ్ ఉంది” అని వచ్చిన నివేదికల్లో చాలావాటి కథ ఇదే.

దిద్దుబాటు. టెస్టులో లైబ్రరీ ఫంక్షన్‌కు బదులు నేరుగా సిస్‌కాల్ ఫంక్షన్‌తో, కాల్ నంబరు ఇచ్చి పిలవమనండి. పిలిచాక మీరు ఒకసారి ఎస్ట్రేస్ కింద నడిపి, అనుకున్న కాల్ అనుకున్నన్నిసార్లు కనిపించిందా లెక్కపెట్టండి. యూజర్ డిస్పాచ్ టెస్టు అయితే ఎస్ట్రేస్‌ను నమ్మవద్దు. డిస్పాచ్ పట్టుకున్న కాల్ పీట్రేస్ దాకా రాదని ముందే చెప్పుకున్నాం.

## 5. పగలగొట్టి చూడండి

మొత్తం పనిలో సమయం ఎక్కువగా పెట్టాల్సినది ఇక్కడే. మిగతావి తొందరలో ఒకటి వదిలేసినా క్షమించవచ్చు, దీన్ని వదిలేస్తే మీరు రివ్యూ చేయలేదన్న మాట.

చీమకుర్తి గ్రానైట్ పలకను కొనేవారు మెరుపు చూసి డబ్బు ఇవ్వరు. నీళ్లు చల్లి, ఆరుతుంటే చూస్తారు. వెంట్రుకవాసి పగులు ఉంటే అందులో తడి నిలిచి గీత కనబడుతుంది. టెస్టు మీద కూడా అలా నీళ్లు చల్లాలి. అంటే కోడ్‌ను కావాలని చెడగొట్టి, టెస్టు ఫెయిల్ అవుతోందా అని చూడాలి.

కనీసం ఈ మూడు:

1. ఫిల్టర్‌ను లేదా హ్యాండ్లర్‌ను పెట్టే లైను తీసేసి నడపండి. టెస్టు ఫెయిల్ కావాలి.
2. ఫిల్టర్ అలాగే ఉంచి, అందులోని కాల్ నంబరును పక్క నంబరుకు మార్చండి. మళ్లీ ఫెయిల్ కావాలి.
3. ప్యాచ్‌లో కెర్నల్ వైపు మారిన లైన్లలో ముఖ్యమైన దాన్ని వెనక్కి తిప్పి, కెర్నల్ మళ్లీ బిల్డ్ చేసి నడపండి. అప్పుడూ ఫెయిల్ కావాలి.

మూడోదానికి టెస్టు పాస్ అయితే ఆ టెస్టుకూ ఆ ప్యాచ్‌కూ సంబంధమే లేదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒకసారి మా దగ్గరికి వచ్చిన టెస్టులో మౌంట్ కాల్‌ను సెక్‌కాంప్‌తో ఆపి, ఈపర్మ్ (అనుమతి లేదు) అనే ఎర్రర్ ఇప్పించారు. తర్వాత మౌంట్ పిలిచి, ఈపర్మ్ వచ్చిందా అని చూశారు. వచ్చింది, పాస్. ఫిల్టర్ పెట్టే లైను తీసేశాం. అయినా పాస్! ఎందుకంటే సాధారణ వినియోగదారు మౌంట్ చేయబోతే కెర్నల్ ఎలాగూ ఈపర్మే ఇస్తుంది. ఫిల్టర్ ఉన్నా ఊడినా జవాబు ఒకటే. రాసిన అబ్బాయి ముఖం చూడాలి. రెండు రోజులు కష్టపడి రాశాడు మరి.

దిద్దడం తేలిక. ఎప్పుడూ ఫెయిల్ కాని గెట్‌పిడ్ లాంటి కాల్‌ను తీసుకుని, దానికి కెర్నల్ ఎన్నడూ ఇవ్వని ఎర్రర్‌ను ఫిల్టర్‌తో ఇప్పించాలి. కెర్నల్‌తో వచ్చే సెక్‌కాంప్ టెస్టుల్లో రీడ్ కాల్‌కు 7వ నంబరు ఎర్రర్ ఇప్పిస్తారు. “ఆర్గ్యుమెంట్ల జాబితా మరీ పెద్దది” అని దాని అర్థం. రీడ్‌కు అలాంటి ఎర్రర్ సహజంగా రాదు. వచ్చిందంటే ఫిల్టర్ ఇచ్చిందే.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకొకటి ఉంది. సెక్‌కాంప్‌లో ఎర్రర్ నంబరు సున్నా ఇస్తే కాల్ నడవదు, కానీ నడిచినట్టు సున్నా తిరిగివస్తుంది. క్లోజ్ కాల్‌ను అలా ఆపి, “సున్నా వచ్చింది” అని సరిపెట్టుకునే టెస్టుకు అర్థం లేదు. క్లోజ్ మామూలుగా నడిచినా సున్నానే. ఆ ఫైలు డిస్క్రిప్టర్ ఇంకా తెరిచే ఉందా అని విడిగా చూడాలి. తిరిగివచ్చిన విలువతో పాటు, జరగాల్సిన పని జరగలేదన్న సంగతినీ టెస్టు పట్టుకోవాలి.

## 6. ఆర్గ్యుమెంట్లు, రిజిస్టర్లు, తిరిగివచ్చే విలువ

ఎక్స్86-64లో కాల్ నంబరు ఆర్‌ఏఎక్స్‌లో ఉంటుంది. ఆరు ఆర్గ్యుమెంట్లు వరుసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్10, ఆర్8, ఆర్9లో ఉంటాయి. నాలుగోదాన్ని మామూలు ఫంక్షన్ అలవాటు కొద్దీ ఆర్‌సీఎక్స్‌లో వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. సిస్‌కాల్ సూచన ఆర్‌సీఎక్స్‌ను, ఆర్11ను చెరిపేస్తుంది. టెస్టులో ఇన్‌లైన్ అసెంబ్లీ ఉంటే ఆ రెండూ చెరిగిపోయే జాబితాలో ఉన్నాయా చూడండి. లేకపోతే కంపైలర్ ఆప్టిమైజేషన్ స్థాయి మార్చిన రోజు టెస్టు వింతగా ప్రవర్తిస్తుంది.

అడగాల్సినవి:

- ఆరు ఆర్గ్యుమెంట్లకూ ఆరు వేర్వేరు విలువలు ఇచ్చారా? అన్నీ సున్నాలు పంపితే రెండు తారుమారైనా తెలియదు.
- 32 బిట్లకు మించిన విలువ ఒక్కటైనా ఉందా? సెక్‌కాంప్ ఫిల్టర్ ఒక విడతకు 32 బిట్లే చదువుతుంది కాబట్టి 64 బిట్ల ఆర్గ్యుమెంటును రెండు ముక్కలుగా పోల్చాలి. కింది సగం ఒకటే ఉండి పై సగం మారిన విలువతో ఒక టెస్టు ఉండి తీరాలి.
- తిరిగివచ్చే విలువ హద్దుల దగ్గర ఏమవుతోంది? మైనస్ 1 నుంచి మైనస్ 4095 వరకు ఎర్రర్లు. సెక్‌కాంప్ కూడా ఎర్రర్ నంబరును 4095 దగ్గర ఆపేస్తుంది. 4095కు, 4096కు ఒక్కో టెస్టు ఉంటే హాయి.
- పీట్రేస్‌తో కాల్ నంబరును మైనస్ 1 చేసి కాల్‌ను దాటవేశారా? తిరిగివచ్చే విలువను ట్రేసర్ పెట్టకపోతే ఎక్స్86లో ఈనోసిస్ (అలాంటి కాల్ లేదు అనే ఎర్రర్) వస్తుంది. ఆర్మ్64లో కాల్ నంబరు మార్చడానికి వేరే రిజిస్టర్ సెట్ ఉంది. ఎక్స్86 కోడ్‌నే అతికించి ఉంటే అక్కడ పనిచేయదు.

## 7. రెండో తలుపు: 32 బిట్ల దారి

64 బిట్ల కెర్నల్ మీద 32 బిట్ల కాల్స్ కూడా నడుస్తాయి. నంబర్లు మాత్రం వేరు. రైట్ కాల్ ఎక్స్86-64లో 1, 32 బిట్ల ఎక్స్86లో 4, ఆర్మ్64లో 64. 32 బిట్లలో 1 అంటే ఎగ్జిట్.

ఫిల్టర్ ముందుగా ఆర్కిటెక్చర్ ఫీల్డును చూడకుండా నంబరును మాత్రమే పోలిస్తే, ఒక దారిలో మూసిన తలుపు మరో దారిలో తెరిచే ఉంటుంది. టెస్టులోని ఫిల్టర్ మొదటి సూచన ఆర్కిటెక్చర్ గురించి లేకపోతే రాసినవారిని అడగండి. టెస్టే కదా అని వదిలేయకండి. టెస్టుల్లోని ఫిల్టర్లను జనం తమ ప్రోగ్రాముల్లోకి యథాతథంగా ఎత్తుకుపోతారు.

## 8. సిగ్నళ్లు, ఫోర్క్, ఎగ్జెక్

సిగ్‌సిస్ వచ్చిందా లేదా అని మాత్రమే చూసే టెస్టు సగం టెస్టు. సిగ్నల్‌తో వచ్చే సమాచారంలో కాల్ నంబరు, ఆర్కిటెక్చర్, పిలిచిన చిరునామా ఉంటాయి. కోడ్ విలువ సెక్‌కాంప్‌కు 1, యూజర్ డిస్పాచ్‌కు 2. ఆ తేడా చూడని టెస్టుకు ఎవరు పట్టుకున్నారో తెలియదు.

యూజర్ డిస్పాచ్‌లో మరో మెలిక ఉంది. హ్యాండ్లర్ పని ముగించి వెనక్కి వెళ్లడానికి కూడా ఒక సిస్టమ్ కాల్ కావాలి. సెలెక్టర్ బైట్ (కాల్‌ను ఆపాలా వదలాలా చెప్పే, ముందు చెప్పిన ఆ బైట్) ఇంకా ఆపు అనే స్థితిలోనే ఉంటే ఆ కాల్‌నూ పట్టుకుంటుంది. అందుకే హ్యాండ్లర్ బయటికి వచ్చే ముందు సెలెక్టర్‌ను వదులు అనే స్థితికి తేవాలి, లేదా ఆ కాల్ వెళ్లే చోటును మినహాయించిన ప్రాంతంలో ఉంచాలి. టెస్టులో ఆ లైను కనబడాలి.

వారసత్వం కూడా చూడండి:

- సెక్‌కాంప్ ఫిల్టర్ ఫోర్క్ తర్వాత, ఎగ్జెక్ తర్వాత కూడా కొనసాగుతుంది. ఒకసారి పెట్టాక తీసేయడం కుదరదు. అందుకే టెస్టుకో ప్రాసెస్ ఉండాలి. కేసెల్ఫ్‌టెస్ట్ చట్రం ఆ పని చేసిపెడుతుంది. సొంత మెయిన్ ఫంక్షన్ రాసుకున్నవారిని అడగండి.
- యూజర్ డిస్పాచ్ మాత్రం ఫోర్క్ చేసినా, ఎగ్జెక్ చేసినా పిల్లకు రాదు.
- ఫిల్టర్ థ్రెడ్‌కు చెందుతుంది. మిగతా థ్రెడ్లకూ వర్తించాలంటే టీసింక్ ఫ్లాగ్ కావాలి. రెండు థ్రెడ్ల టెస్టు లేకపోతే ఈ కోణం ఖాళీగా ఉన్నట్టే.

పీట్రేస్‌లో లోపలికి వెళ్లే ఆగుడు, బయటికి వచ్చే ఆగుడు చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక్కటి లెక్క తప్పితే అక్కడి నుంచి అన్నీ తలకిందులు. 5.3 నుంచి ఏ ఆగుడో అడిగి తెలుసుకునే సదుపాయం ఉంది. టెస్టు దాన్ని వాడటం మంచిది.

చాలామంది మరిచేది పునఃప్రారంభం. నిద్రలో ఉన్న నానోస్లీప్‌ను సిగ్‌స్టాప్‌తో ఆపి, సిగ్‌కాంట్‌తో మళ్లీ నడిపిస్తే, కెర్నల్ దాన్ని రీస్టార్ట్-సిస్‌కాల్ అనే వేరే కాల్‌గా మళ్లీ మొదలుపెడుతుంది. ఎక్స్86-64లో దాని నంబరు 219. నానోస్లీప్‌ను అనుమతించి 219ని మరిచిన ఫిల్టర్, ప్రోగ్రాం ఆగి లేచిన క్షణంలో దాన్ని చంపుతుంది. ఆపి లేపే టెస్టు ఉందా?

## 9. యూజర్ నోటిఫికేషన్ అయితే అదనంగా

ఇక్కడ కాల్ చేసినవాడు ఆగి ఉంటాడు, వినేవాడు నిర్ణయిస్తాడు. ఈలోపు కాల్ చేసినవాడు చచ్చిపోవచ్చు, అతని పిడ్ (ప్రాసెస్ నంబరు) మరొకరికి దక్కవచ్చు. అందుకే వినేవాడు అవతలివారి మెమరీ చదివాక, ఆ నోటిఫికేషన్ ఇంకా చెల్లుతోందా అని ఐడీ అడిగి తేల్చుకోవాలి. కాల్ చేసినవాడిని మధ్యలో చంపే టెస్టు కోసం వెతకండి.

వినేవాడే డిస్క్రిప్టర్ మూసేస్తే కాల్‌కు ఈనోసిస్ రావాలి. దానికీ ఒక టెస్టు ఉండాలి. 5.5లో వచ్చిన కొనసాగించు అనే ఫ్లాగ్‌ను భద్రతా నిర్ణయానికి వాడితే ఒప్పుకోకండి. పాయింటర్ వెనక ఉన్న సమాచారాన్ని వినేవాడు చదివాక, కెర్నల్ మళ్లీ చదివేలోపు మరో థ్రెడ్ మార్చేయగలదు.

## 10. కాలం మీద ఆధారపడే టెస్టులు

రోహిణి కార్తెలో ఒంగోలు మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒక టెస్టు పగలు ఫెయిల్, రాత్రి పాస్ అవుతూ మమ్మల్ని చాలా తిప్పింది. చివరికి తెలిసింది ఏమిటంటే, వేడెక్కిన ల్యాప్‌టాప్ సీపీయూ వేగం తగ్గించుకుంటోంది. టెస్టులో “చైల్డ్ ఈపాటికి సిద్ధమై ఉంటుంది” అన్న నమ్మకంతో చిన్న యూస్లీప్ పెట్టారు. పగలు చైల్డ్ ఈపాటికి సిద్ధం కావడం లేదు.

నిద్రతో సమన్వయం చేసే ప్రతి లైనును ప్రశ్నించండి. పైపులో ఒక బైట్ రాయడం, వెయిట్‌పిడ్, ఫ్యూటెక్స్, ఏదైనా సరే, “సిద్ధం” అన్న మాట అవతలివైపు నుంచే రావాలి.

మీరు చేయాల్సినవి:

- టెస్టును వెయ్యిసార్లు వరుసగా నడపండి. రాత్రి పెట్టి పడుకోండి. కరెంటు పోయే కాలమైతే లాగ్‌ను వెంటవెంటనే డిస్క్‌కు రాయించండి.
- వర్చువల్ మెషీన్‌కు ఒకే సీపీయూ ఇచ్చి నడపండి, తర్వాత నాలుగిచ్చి నడపండి.
- పక్కన కెర్నల్ బిల్డ్ పెట్టి, బరువు మీద నడపండి.
- వేలాడిపోతే ఏమవుతుందో చూడండి. చట్రం ఒక్కో టెస్టుకు 30 సెకన్లు, నడిపే స్క్రిప్టు మొత్తం ప్రోగ్రాంకు 45 సెకన్లు ఇస్తాయి, మార్చుకుంటే తప్ప.

## 11. స్కిప్, అనుమతులు

కెర్నల్‌లో ఆ సదుపాయం లేకపోతే టెస్టు స్కిప్ కావాలి, నిష్క్రమణ కోడ్ 4తో. ఫెయిల్ కాకూడదు, పాస్ అసలే కాకూడదు. అయితే స్కిప్ షరతు మరీ వెడల్పుగా రాసి, ఏ ఎర్రర్ వచ్చినా స్కిప్ చేసే టెస్టులు కూడా ఉంటాయి. వాటిలో నిజమైన బగ్ హాయిగా దాక్కుంటుంది. “సదుపాయం లేదు” అని చెప్పే ఆ ఒక్క ఎర్రర్‌కే స్కిప్ పరిమితం చేయించండి.

రూట్‌గా ఒకసారి, సాధారణ వినియోగదారుగా ఒకసారి నడపండి. నో-న్యూ-ప్రివ్స్ (ఇకపై అదనపు అధికారాలు పొందనని చెప్పే గుర్తు) పెట్టకుండా సాధారణ వినియోగదారు ఫిల్టర్ పెట్టబోతే ఈయాక్సెస్ అనే ఎర్రర్ రావాలి. రూట్‌గా మాత్రమే నడిపితే ఈ నియమం పనిచేస్తోందో లేదో ఎప్పటికీ తెలియదు.

## 12. అభిప్రాయం రాసి పంపడం

కెర్నల్ వారికి ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది. భాష ఏదైనా వరుస ఇది: ఏమి చూశారు, ఏమి చెడగొట్టారు, ఏమి జరిగింది, ఏమి కోరుతున్నారు, ఏ కమిట్ మీద, ఏ యంత్రంలో. మౌంట్ టెస్టు గురించి మేము రాసిన ఉత్తరం ఇలా సాగింది:

“ఫిల్టర్ పెట్టే లైను తీసేసి సాధారణ వినియోగదారుగా నడిపినా మౌంట్ టెస్టు పాస్ అవుతోంది. ఆ కాల్ మామూలుగానే ఈపర్మ్ ఇస్తుంది. గెట్‌పిడ్‌ను తీసుకుని, దానికి సహజంగా రాని ఎర్రర్ ఇప్పిస్తే ఫిల్టర్ పని విడిగా తెలుస్తుంది. మిగతా రెండు టెస్టులను చెడగొట్టి చూశాను, సరిగ్గా ఫెయిల్ అయ్యాయి.”

“టెస్టు బలహీనంగా ఉంది” అని రాస్తే రాసినవారికి ఏమి దిద్దాలో తెలియదు, మనసు మాత్రం నొచ్చుకుంటుంది. అక్షరదోషాలు, ఖాళీల గొడవ చివర్లో ఒక్క వాక్యంలో పెట్టండి. చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చెప్పగలిగే వాటికి మనిషి సమయం ఎందుకు?

నడిపి చూశారే కానీ కోడ్ మొత్తం చదవలేదంటే టెస్టెడ్-బై అనే ట్యాగ్ మాత్రమే ఇవ్వండి. రివ్యూడ్-బై అంటే మీరు చదివారు, అభ్యంతరాలు తీరాయి, కోడ్ చేరడానికి తగినదని మీరు నమ్ముతున్నారని అర్థం.

రెండో వెర్షన్ వచ్చినప్పుడు గిట్ రేంజ్-డిఫ్‌తో మారిన లైన్లు చూసి సరిపెట్టుకోవాలనిపిస్తుంది. అయిదో భాగంలో చేసిన మూడు చెడగొట్టడాలనూ మళ్లీ చేయండి. వాటిని చిన్న ప్యాచ్ ఫైళ్లుగా దాచుకుంటే పది నిమిషాల పని. మా దగ్గర అలాంటివి ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి. కొత్తగా వచ్చే విద్యార్థికి మొదటి రోజు ఇచ్చేది ఆ ఫోల్డరే.